ఆర్బిట్రేషన్: సంతకంతో మొదలయ్యే న్యాయం

ఇద్దరు ఒప్పందం రాసుకునేటప్పుడే, రేపు పేచీ వస్తే కోర్టుకు వెళ్లం, ఫలానా పద్ధతిలో ఎంచుకున్న మూడో వ్యక్తి ముందు వాదనలు చెప్పుకుంటాం, ఆయన ఇచ్చే తీర్పుకు కట్టుబడతాం అని కూడా రాసుకుంటే అది ఆర్బిట్రేషన్ ఒప్పందం. ఆ మూడో వ్యక్తిని ఆర్బిట్రేటర్ అంటారు. ఆయన తీర్పు పేరు అవార్డు. దాని విలువ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఓడిన పక్షం డబ్బు కట్టకపోతే గెలిచిన పక్షం నేరుగా అమలు పిటిషన్ వేసి ఆస్తులు జప్తు చేయించుకోవచ్చు. మన దేశంలో ఈ వ్యవహారాన్నంతా నడిపించేది 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం.

పైకి ఇది ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలా కనిపిస్తుంది. కానీ పెద్దమనుషుల మాట నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. మీడియేషన్‌లోనూ అంతే, ఇరువురూ ఒప్పుకుంటేనే రాజీ. లోక్ అదాలత్‌లో రాజీ కుదరకపోతే ఫైలు తిరిగి కోర్టుకే వెళ్తుంది. ఆర్బిట్రేషన్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకసారి సంతకం పెట్టాక తర్వాత మనసు మారినా, పిలుపు అందుకుని హాజరు కాకపోయినా, విచారణ ఆగదు. ఎదుటి పక్షం లేకుండానే సాక్ష్యాలు చూసి తీర్పు చెప్పే అధికారం ఆర్బిట్రేటర్‌కు ఉంది. నోటీసు వస్తే పక్కన పడేసి ఊరుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్ సింగరేణి మందమర్రి ఏరియాలోని బొగ్గు పట్టణం. ఇలాంటి చోట ఆర్బిట్రేషన్ పెద్ద కంపెనీలకు సంబంధించిన దూరపు విషయమేమీ కాదు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీదున్న మట్టిని, రాతిని, అంటే అందరూ ఓబీ అనేదాన్ని, తొలగించే పనిని కాంట్రాక్టర్లకు అప్పగిస్తారు. బొగ్గు రవాణా, సివిల్ పనులు, యంత్రాల విడిభాగాల సరఫరా అన్నీ టెండర్ల మీదే నడుస్తాయి. టిప్పర్ కొనుక్కున్న యువకుడు ఫైనాన్స్ కంపెనీ కాగితాల మీద పదుల సంఖ్యలో సంతకాలు పెడతాడు. కార్మిక కుటుంబాలు నెలనెలా చిట్టీ కడతాయి. మంచిర్యాల నుంచి మందమర్రి, బెల్లంపల్లి మీదుగా మహారాష్ట్ర వైపు వెళ్లే 363వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కల రైతుల భూములున్నాయి. వీటన్నింటిలో ఏదో ఒక రూపంలో ఆర్బిట్రేషన్ ఉంది. కొన్నిచోట్ల మనిషి సంతకం వల్ల వస్తే, మరికొన్నిచోట్ల చట్టమే తెచ్చిపెడుతుంది.

పాత చట్టం, కొత్త చట్టం

ఆంగ్లేయుల హయాంలో మొదట ప్రెసిడెన్సీ నగరాల కోసం 1899లో ఒక ఆర్బిట్రేషన్ చట్టం వచ్చింది. ఆ తర్వాత 1940 చట్టం దేశమంతటికీ వర్తించేలా వచ్చి, ఐదున్నర దశాబ్దాలు నడిచింది. ఆ చట్టం కింద ఆర్బిట్రేటర్ తీర్పు ఇచ్చినా దానికి వెంటనే బలం ఉండేది కాదు. దాన్ని కోర్టులో దాఖలు చేసి, కోర్టు ఆమోదముద్ర వేయించుకుంటేనే అమలు. దాంతో కోర్టు బయట తేలాల్సిన వ్యవహారం మొదట్లోనూ, మధ్యలోనూ, చివర్లోనూ కోర్టులోనే నలిగేది. ఆ తంతు చూసి లాయర్లు నవ్వుకుంటున్నారనీ న్యాయతత్వవేత్తలు ఏడుస్తున్నారనీ 1981లో గురునానక్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టే వాపోయింది.

ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ పెట్టుబడులు రావాలంటే తగాదాలు తేల్చే దారి సరిచేయక తప్పలేదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో తయారుచేసిన నమూనా చట్టాన్ని ఆధారం చేసుకుని 1996 చట్టం వచ్చింది. కోర్టు జోక్యం చట్టంలో చెప్పినంతకే పరిమితమని అయిదో సెక్షన్‌లోనే రాశారు. 2015, 2019, 2021 సంవత్సరాల్లో సవరణలు జరిగాయి. వాటిలో 2015 సవరణ అసలైన మలుపు. గడువులు, ఫీజుల పట్టిక, ఆర్బిట్రేటర్ నిష్పాక్షికతకు కొలమానాలు అప్పుడే వచ్చాయి.

ఒక్క క్రియాపదంలో ఉన్న తేడా

ఆర్బిట్రేషన్‌కు పునాది లిఖితపూర్వక ఒప్పందం. ఏడో సెక్షన్ ప్రకారం అది విడి కాగితం కావచ్చు, పెద్ద కాంట్రాక్టులో ఒక క్లాజు కావచ్చు, ఉత్తరాల్లో, ఈమెయిళ్లలో తేలినా చెల్లుతుంది. నోటిమాట మాత్రం చెల్లదు. అయితే క్లాజు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. అందులో వాడిన మాటలు ఎంత ముఖ్యమో బొగ్గు కంపెనీల కేసులే చెప్పాయి.

మహానది కోల్‌ఫీల్డ్స్, కోల్ ఇండియా అనుబంధ సంస్థ. హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ భాగస్వామిగా ఉన్న ఐవీఆర్‌సీఎల్–ఏఎంఆర్ జాయింట్ వెంచర్‌కు ఆ సంస్థతో పేచీ వచ్చింది. కాంట్రాక్టులో ఒక క్లాజుకు శీర్షికే వివాదాల పరిష్కారం, ఆర్బిట్రేషన్ అని ఉంది. ఒడిశా హైకోర్టు దాన్ని బట్టి ఆర్బిట్రేటర్‌ను నియమించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని రద్దు చేసింది. శీర్షికలో ఆ మాట ఉన్నా, లోపల రాసింది వేరు: పేచీని ముందు కంపెనీ స్థాయిలో చూసుకోవాలి, తేలకపోతే ప్రైవేటు కాంట్రాక్టర్లు న్యాయస్థానానికి వెళ్లవచ్చు. మూడో వ్యక్తి తీర్పుకు కట్టుబడతామన్న మాట ఎక్కడా లేదు. కాబట్టి అది ఆర్బిట్రేషన్ ఒప్పందమే కాదని కోర్టు తేల్చింది.

మూడేళ్ల తర్వాత, 2025 జులైలో, ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసు వచ్చింది. ఈసారి క్లాజులో 1996 చట్టం పేరే ఉంది. ప్రైవేటు పక్షాలతో తగాదా వస్తే ఆ చట్టం ద్వారా పరిష్కారం కోరవచ్చు అని రాసి ఉంది. కోరాలి అని లేదు. ఇష్టముంటే అప్పటికి మాట్లాడుకుని ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చన్న భావం తప్ప, తప్పనిసరిగా వెళ్లాలన్న కట్టుబాటు అందులో లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టర్ అప్పీలు పోయింది. కోట్ల రూపాయల క్లెయిమ్ ఏ దారిలో వెళ్లాలో ఒక్క క్రియాపదం నిర్ణయించింది. టెండరు పత్రాల్లో రేట్ల పట్టికను పదిసార్లు చూసే కాంట్రాక్టర్లు ఈ పేజీని ఒక్కసారైనా చదవాలి.

మంచి క్లాజులో కొన్ని మాటలు స్పష్టంగా ఉంటాయి. ఈ కాంట్రాక్టు నుంచి వచ్చే తగాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కు పంపాలి. ఆర్బిట్రేటర్ ఒక్కరా, ముగ్గురా? చట్టం సరి సంఖ్యను ఒప్పుకోదు, ఎంతమందో రాయకపోతే ఒక్కరే. తీర్పు ఇరువురినీ కట్టడి చేస్తుంది. వీటన్నింటి కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది సీటు, అంటే ఆర్బిట్రేషన్ స్థానం. సీటు చెన్నై అని రాసి ఉంటే, అవార్డును సవాలు చేయడానికి రామకృష్ణాపూర్ టిప్పర్ యజమాని వెళ్లాల్సింది చెన్నై కోర్టుకే. విచారణ ఎక్కడ కూర్చుని జరిగిందన్నది లెక్కలోకి రాదు. సీటు ఉన్నచోటి కోర్టుకే అధికారం.

స్టాంపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్టాంపు డ్యూటీ కట్టని ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ క్లాజు చెల్లుతుందా అన్న ప్రశ్న కొన్నేళ్లు గందరగోళం చేసింది. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం అది సరిదిద్దుకోదగిన లోపమే తప్ప ఒప్పందం చెల్లకుండా పోదని తేల్చింది.

నోటీసు నుంచి నియామకం దాకా

ఓబీ పని తీసుకున్న ఒక కాంట్రాక్టర్‌ను ఊహించుకుంటే క్రమం తేలిగ్గా అర్థమవుతుంది. పని ప్రదేశం అప్పగించడం ఆలస్యమైందని, అందువల్ల యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయని ఆయన వాదన. నిర్ణీత క్యూబిక్ మీటర్ల పని జరగలేదు కాబట్టి జరిమానా కోశామని యాజమాన్యం జవాబు. డీజిల్ ధరల సర్దుబాటు లెక్కలోనూ తేడా. ఈ మూడూ కలిసి తగాదా అయింది.

మొదటి అడుగు 21వ సెక్షన్ నోటీసు. తగాదా ఇది, దీన్ని ఆర్బిట్రేషన్‌కు పంపండి అని ఎదుటి పక్షానికి రాసిన ఉత్తరం అందిన రోజే చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్ మొదలైనట్టు. ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, కాలపరిమితి చట్టం ఇక్కడా వర్తిస్తుంది. బకాయి పడిన నాటి నుంచి మామూలుగా మూడేళ్లలోగా ఈ నోటీసు అందాలి. ఆఫీసు చుట్టూ తిరుగుతూ, వినతిపత్రాలు ఇస్తూ, చూస్తాం అన్న నోటిమాట నమ్ముకుని కూర్చుంటే గడువు ఆగదు. న్యాయమైన క్లెయిమ్‌లు ఇలా కాలం చెల్లి పోవడం చాలా బాధాకరం.

నోటీసు అందాక 30 రోజుల్లో ఎదుటి పక్షం ఆర్బిట్రేటర్‌ను నియమించకపోతే, లేదా పేరు మీద ఏకాభిప్రాయం రాకపోతే, 11వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాలి. తెలంగాణలో అది హైదరాబాద్‌లోని హైకోర్టు. అక్కడ ప్రధానంగా చూసేది ఒక్కటే: ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నట్టు కనిపిస్తోందా లేదా. క్లెయిమ్‌లో పస ఉందా లేదా అన్నది ఆర్బిట్రేటర్ చూసుకుంటారు. తనకు విచారించే అధికారం ఉందో లేదో తేల్చుకునే హక్కు కూడా 16వ సెక్షన్ ఆర్బిట్రేటర్‌కే ఇచ్చింది.

దీనికి తిరగేసిన సందర్భం ఒకటుంది. క్లాజు ఉన్నా ఒక పక్షం నేరుగా సివిల్ కోర్టులో దావా వేస్తే, ఎదుటి పక్షం తన మొదటి జవాబు దాఖలు చేసేలోపే ఎనిమిదో సెక్షన్ కింద అభ్యంతరం చెప్పాలి. అప్పుడు కోర్టు పేచీని ఆర్బిట్రేషన్‌కు పంపుతుంది. జవాబు వేసేశాక గుర్తొచ్చినా లాభం లేదు.

తగాదా మొదలవగానే కాంట్రాక్టర్ భయపడేది బ్యాంకు గ్యారంటీ గురించి. యాజమాన్యం దాన్ని నగదు చేసుకోకుండా ఆపమని తొమ్మిదో సెక్షన్ కింద కోర్టుకు పరుగెత్తుతారు. దారుణమైన మోసం, లేదా ఎప్పటికీ పూడ్చలేని నష్టం ఉంటే తప్ప కోర్టులు బ్యాంకు గ్యారంటీని ఆపవు. తాత్కాలిక ఉత్తర్వు దొరికినా 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి.

ఇంకో చిక్కు నో క్లెయిమ్ సర్టిఫికెట్. ఫైనల్ బిల్లు కావాలంటే ఇక నాకేమీ రావాల్సింది లేదని రాసివ్వమంటారు. అప్పుల ఒత్తిడిలో ఉన్న చిన్న కాంట్రాక్టర్ రాసిస్తాడు. ఆ కాగితంతో కథ ముగిసినట్టేనా? బలవంతం వల్ల, గత్యంతరం లేక రాసిచ్చానని చూపగలిగితే పేచీ బతికే ఉంటుందని 2008లో బొఘరా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అయితే చూపాల్సిన భారం రాసిచ్చినవాడిదే. సంతకం పెట్టిన వెంటనే నిరసన తెలుపుతూ పంపిన ఒక ఉత్తరమో ఈమెయిలో అప్పుడు ఎంతో పనికొస్తుంది. రెండేళ్ల తర్వాత చెప్పే బలవంతం కథను నమ్మడం ఎవరికైనా కష్టమే.

తీర్పరిని ఎవరు ఎంచుకోవాలి

చాలాకాలం ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేటర్ ఆ శాఖ ఇంజనీరో, కంపెనీ ఎండీయో, ఆయన చెప్పిన మనిషో అయ్యేవారు. తగాదాలో ఒక పక్షమే న్యాయమూర్తిని కూడా నియమించుకున్నట్టు. 2015 సవరణ చట్టానికి ఏడో షెడ్యూలును చేర్చింది. ఒక పక్షానికి ఉద్యోగి, సలహాదారు, కన్సల్టెంటు వంటివారు ఆర్బిట్రేటర్ కావడానికి అనర్హులు. ఇరువురూ తగాదా వచ్చాక రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఈ అనర్హత పోతుంది.

2017లో టీఆర్ఎఫ్ కేసులో, అనర్హుడైన ఎండీ ఇంకొకరిని కూడా నియమించలేడని సుప్రీంకోర్టు చెప్పింది. 2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో, తగాదా ఫలితంలో ప్రయోజనం ఉన్న పక్షం ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఒంటరిగా నియమించకూడదని తేల్చింది. 2024 నవంబరు 8న రైల్వే విద్యుదీకరణ సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మరో అడుగు వేసి, ప్రభుత్వ సంస్థలు తమకు తామే ఏకపక్షంగా ఆర్బిట్రేటర్లను నియమించుకోవడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు, సమానత్వ సూత్రానికి విరుద్ధమని ప్రకటించింది. గత పదేళ్లలో ఈ చట్టానికి జరిగిన మేలంతటిలో ఇదే గొప్పది.

వాహన రుణం తీసుకున్న సామాన్యుడికి దీనివల్ల నేరుగా లాభం ఉంది. రుణ కాగితాల్లో ఆర్బిట్రేటర్‌ను కంపెనీయే ఎంచుకుంటుందని రాసి ఉన్నా, ఆ ఏకపక్ష నియామకాన్ని ప్రశ్నించవచ్చు. నోటీసు అందగానే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడం తెలివైన పని. అవార్డు వచ్చి, బండి జప్తుకు మనుషులు వచ్చాక లాయర్‌ను వెతుక్కోవడం కన్నా అది చాలా చవక.

ఖర్చు, కాలం

ఆర్బిట్రేటర్‌కు సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం కట్టుబాట్లు లేవు. ఇరుపక్షాలనూ సమానంగా చూడాలి, ఇద్దరికీ చెప్పుకునే పూర్తి అవకాశం ఇవ్వాలి. అంతకుమించి పద్ధతిని ఇరువురూ కలిసి నిర్ణయించుకోవచ్చు. క్లెయిమ్, జవాబు దాఖలు ఆరు నెలల్లో, ఆ తర్వాత పన్నెండు నెలల్లో అవార్డు రావాలని చట్టం గడువు పెట్టింది. ఇరువురూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు. ఇంకా కావాలంటే కోర్టు అనుమతి తప్పదు. కాగితాల మీదే తేల్చే ఫాస్ట్ ట్రాక్ పద్ధతిని ఎంచుకుంటే ఆరు నెలలే.

ఫీజు విషయంలో చిన్నవారు జాగ్రత్తగా ఉండాలి. కోర్టులో జడ్జికి జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఇక్కడ ఆర్బిట్రేటర్ ఫీజు పక్షాలే భరించాలి. చట్టంలోని నాలుగో షెడ్యూలు నమూనా ప్రకారం అయిదు లక్షల లోపు తగాదాకు ఒక ఆర్బిట్రేటర్ ఫీజు 45 వేల రూపాయలు. కోటి రూపాయల తగాదాకు 3,37,500. ముగ్గురుంటే మూడింతలు. ఒక్కరే ఉంటే ఆయనకు మరో 25 శాతం అదనం. ఎంత పెద్ద తగాదా అయినా ఒక్కొక్కరికి 30 లక్షలే గరిష్ఠమని 2022లో ఓఎన్‌జీసీ–ఆఫ్‌కాన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోట్ల కాంట్రాక్టుకు ఈ ఖర్చు భారం కాకపోవచ్చు. మూడు లక్షల బిల్లు కోసం తిరిగే చిన్న సరఫరాదారుకు ఇది మంచి దారి కాదు.

అవార్డు వచ్చాక

ఆర్బిట్రేటర్ కాంట్రాక్టుకు లోబడి తీర్పు చెప్పాలి. తనకు న్యాయమనిపించింది చెప్పే స్వేచ్ఛ, పక్షాలు ప్రత్యేకంగా ఇస్తే తప్ప, ఆయనకు లేదు. 1991లో అసోసియేటెడ్ ఇంజనీరింగ్ కంపెనీకి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో, కాంట్రాక్టు షరతులను బేఖాతరు చేసి ఇచ్చిన తీర్పు అధికారం దాటినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ దేశమంతటా ఉదహరించే తీర్పు అది.

అవార్డు నచ్చకపోతే 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. గడువు మూడు నెలలు, సరైన కారణం ఉంటే మరో 30 రోజులు, ఆపైన ఒక్కరోజు కూడా లేదు. ఇది అప్పీలు కాదు. సాక్ష్యాలను మళ్లీ తూకం వేయరు. ఒప్పందం చెల్లకపోవడం, నోటీసు సరిగా అందకపోవడం, పంపని తగాదా మీద తీర్పు చెప్పడం, మోసం, దేశ ప్రజావిధానానికి విరుద్ధం కావడం, అవార్డు మొహం మీదే కనిపించే చట్టవిరుద్ధత వంటి కొద్ది కారణాలే చెల్లుతాయి. పిటిషన్ వేసినంత మాత్రాన అమలు ఆగదు. స్టే కావాలంటే విడిగా అడగాలి, డబ్బు డిపాజిట్ చేయమని కోర్టు షరతు పెట్టవచ్చు. అవార్డులో వేరే రేటు చెప్పకపోతే, బకాయి మీద ప్రస్తుత వడ్డీ రేటు కన్నా రెండు శాతం ఎక్కువ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

ప్రజావిధానం అన్న కారణం ఎంత దూరం వెళ్లగలదో కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ తగాదా చూపింది. కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ–డీ6 బ్లాకులోకి పక్కనున్న ఓఎన్‌జీసీ బ్లాకుల నుంచి గ్యాస్ ప్రవహించిందని, దాన్ని తీసి అమ్ముకున్నారని చెబుతూ, 2016 నవంబరులో కేంద్రం రిలయన్స్, భాగస్వాముల నుంచి 155 కోట్ల డాలర్లు కోరింది. ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ 2018 జులైలో 2–1 మెజారిటీతో రిలయన్స్ వైపు తీర్పు ఇచ్చింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. 2025 ఫిబ్రవరి 14న అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం రెండింటినీ పక్కనపెట్టింది. త్వరగా తేలుతుందని ఎంచుకున్న దారిలో కూడా పెద్ద తగాదాలు ఇలా ఏళ్లు పడతాయి.

చట్టమే పంపే ఆర్బిట్రేషన్

ఇప్పటివరకు చెప్పిందంతా ఇష్టపడి సంతకం పెట్టిన కథ. సంతకం లేకుండానే ఆర్బిట్రేషన్‌లో పడేవారూ ఉన్నారు. వారిలో ముందు చెప్పుకోవాల్సింది రోడ్డు కింద భూమి పోయిన రైతు గురించి.

జాతీయ రహదారుల చట్టం 1956లోని 3జీ సెక్షన్ ప్రకారం నష్టపరిహారాన్ని ముందు నిర్ణీత అధికారి ఖరారు చేస్తారు. అది చాలదనిపిస్తే రైతు సివిల్ కోర్టుకు వెళ్లలేడు, కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికే వెళ్లాలి. సాధారణంగా ఆ ఆర్బిట్రేటర్ జిల్లా కలెక్టరో అదనపు కలెక్టరో అవుతారు. ఆ తీర్పుకూ 1996 చట్టమే వర్తిస్తుంది. 363వ రహదారి పక్కనున్న రైతుకైనా, మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా విజయవాడకు వేస్తున్న 163జీ కింద భూమి పోయే రైతుకైనా దారి ఇదే.

ఈ దారిలో ఉన్న కష్టం తమిళనాడులోని ఒక కేసులో బయటపడింది. రహదారికి తీసుకున్న భూమికి అధికారులు చదరపు మీటరుకు 46.55 నుంచి 83.15 రూపాయల మధ్య కట్టారు. ఆర్బిట్రేటర్‌గా ఉన్న కలెక్టర్ అదే ఖాయం చేశారు. జిల్లా కోర్టు 34వ సెక్షన్ కింద దాన్ని 645 రూపాయలకు పెంచింది. 2021 జులైలో సుప్రీంకోర్టు, హకీమ్ కేసుగా పేరుపడిన ఈ తీర్పులో, కోర్టు అవార్డును కొట్టేయగలదే తప్ప మార్చలేదని చెప్పింది. ఆ రైతులకు వచ్చిన మొత్తం జోలికి మాత్రం వెళ్లలేదు. అంటే ఇక మీదట తక్కువ అవార్డు వస్తే రైతు దాన్ని కొట్టేయించుకుని మళ్లీ మొదటికి రావాలి. 2025 ఏప్రిల్ 30న గాయత్రి బాలసామి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం 4–1 మెజారిటీతో ఈ నియమాన్ని కొంత సడలించింది. చెల్లని భాగాన్ని విడదీయగలిగినప్పుడు, లెక్కల తప్పులు సరిదిద్దడానికి, అవార్డు తర్వాతి వడ్డీ విషయంలో కోర్టు పరిమితంగా మార్పు చేయవచ్చు. ఏమైనా, భూమి తీసుకునే ప్రభుత్వమే నియమించిన అధికారి ముందు తప్పనిసరిగా నిలబడాల్సి రావడం రైతుకు న్యాయం కాదు. ఇష్టపూర్వక ఒప్పందానికి ఉద్దేశించిన పద్ధతిని ఇష్టంతో పని లేని చోట రుద్దితే వచ్చే ఇబ్బంది ఇది. అందుకే రైతు తన సాక్ష్యాలన్నీ, అంటే పక్క సర్వే నంబర్ల రిజిస్ట్రేషన్ పత్రాలు, బోర్లు, చెట్లు, పంట వివరాలు, ఆర్బిట్రేటర్ ముందే పెట్టేయాలి. తర్వాత కోర్టులో కొత్తవి చూపే అవకాశం దాదాపు ఉండదు.

చిట్టీల సంగతి మరీ చాలామందికి తెలియదు. చిట్‌ఫండ్ల చట్టం 1982లోని 64వ సెక్షన్ ప్రకారం ఫోర్‌మన్‌కు (చిట్టీ నడిపేవారికి), చందాదారులకు మధ్య చిట్టీ నడకపై వచ్చే తగాదా రిజిస్ట్రార్ దగ్గర ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి, సివిల్ కోర్టుకు అధికారం లేదు. ఆ తీర్పు మీద రెండు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. పాడుకున్న చిట్టీ డబ్బు ఇవ్వకుండా తిప్పుతున్న కంపెనీ మీద సభ్యుడు వెళ్లాల్సింది ఇక్కడికే. చిట్టీ రిజిస్టరైనదా కాదా అని ముందే చూసుకోవడం ఇందుకే అవసరం.

చిన్న సరఫరాదారుకు ఇంకో మంచి దారి ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2006 చట్టం ప్రకారం కొన్నవారు 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చెల్లించకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. కాంట్రాక్టులో వేరే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ చట్టమే పైచేయి అని 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌన్సిల్ అవార్డును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. పంపు విడిభాగాలో, బోల్టులో తయారుచేసి ఇచ్చే వర్క్‌షాపు యజమాని ఒప్పందానికి ముందే సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేయించుకుని ఉంటే ఈ రక్షణ పొందడంలో పేచీ ఉండదు.

ఈ చట్టం పరిధిలోకి రానివి

గని కార్మికుడి ఉద్యోగ తగాదా 1996 చట్టం కిందకు రాదు. గైర్హాజరు పేరిట తొలగింపు, ప్రమోషన్, వేతనం వంటివి కార్మిక చట్టాల దారిలో తేలతాయి. గోదావరిఖనిలో పారిశ్రామిక ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఉన్నది ఇందుకే. యాజమాన్యం, యూనియన్ కలిసి తగాదాను ఆర్బిట్రేటర్‌కు అప్పగించుకునే వీలు పారిశ్రామిక వివాదాల చట్టంలో 10ఏ సెక్షన్‌గా 1956లో వచ్చింది, 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఉంది. కానీ అది వేరే తరహా, సాధారణ ఆర్బిట్రేషన్ చట్టం దానికి వర్తించదు. కాంట్రాక్టు కార్మికుడి జీతం బాకీ కూడా కంపెనీకి, కాంట్రాక్టర్‌కు మధ్య ఉన్న క్లాజుతో ముడిపడదు. ఆ కాగితం మీద అతడి సంతకం లేదు.

నేరాలు, విడాకులు, పిల్లల సంరక్షణ, వీలునామా ధ్రువీకరణ, దివాలా వంటివి కూడా ఆర్బిట్రేటర్ తేల్చలేడు. వినియోగదారుడి ఫిర్యాదు విషయంలో, ఒప్పందంలో క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లు, ఫ్లాటు, బీమా కొన్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇటీవలి పరిణామాల్లో రెండు ఒకదానికొకటి ఎదురుగా నడుస్తున్నాయి. ఒకవైపు హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని 2021 డిసెంబరు 18న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ ప్రారంభించారు. సింగపూర్, లండన్ వెళ్లే తగాదాలు ఇక్కడే తేలాలన్నది దాని ఉద్దేశం. విదేశీ అవార్డులను ఒకరి దేశంలో ఒకరు అమలు చేసుకునేందుకు 1958లో కుదిరిన న్యూయార్క్ ఒడంబడికలో భారత్ 1960 నుంచీ ఉంది. మరోవైపు 2024 జూన్ 3న కేంద్ర ఆర్థిక శాఖ, కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజును మామూలుగా పెట్టవద్దని, పెట్టినా పది కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయాలని, మీడియేషన్‌కు మొగ్గు చూపాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వమే పెద్ద కక్షిదారుగా ఉన్న దేశంలో ఇది చిన్న మార్పు కాదు. కాంట్రాక్టర్ గెలిచిన ప్రతి అవార్డునూ సుప్రీంకోర్టు దాకా లాగే అలవాటును ప్రభుత్వ సంస్థలు మానుకుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఒప్పందం మీద సంతకం పెట్టేవారు ముందు ఆర్బిట్రేషన్ క్లాజు వెతికి చూడాలి: అది ఉందా, తప్పనిసరా, సీటు ఏ ఊరు, ఆర్బిట్రేటర్‌ను ఎంచుకునేది ఎవరు. ఒప్పందం నకలు దగ్గర ఉంచుకోవాలి. నోటీసు వస్తే జవాబు ఇవ్వాలి. లాయర్ ఫీజు భరించలేనివారిలో మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయిస్తే ఉచిత న్యాయసహాయం అందుతుంది.